బాబూ, రాజీనామా పెట్టే ముందు ఈ మామయ్య మాట విను

బాబూ,

నువ్వు ఉద్యోగం మానేసి పూర్తికాల సేవకు వెళ్తానంటున్నావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. కాసేపు సంతోషంతో ఏడ్చాను. తర్వాత భయం పట్టుకుంది, ఇక నిద్ర రాలేదు.

ప్రార్థన చెయ్యి, మీ పాస్టర్ గారితో మాట్లాడు, అప్పులుంటే తీర్చెయ్యి. ఇవన్నీ నీకు తెలిసినవే.

తెలియనిది నా సంగతి. ఉద్యోగం మానేసినప్పుడు "దేవుడు పిలిచాడు" అని సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పాను. పిలుపు నిజమే, కానీ నేను చెప్పింది సగమే. ఆ నెలలోనే పై అధికారితో గొడవైంది, తప్పు నాదే, క్షమాపణ అడగడానికి మనసొప్పలేదు. ఇంట్లో మీ అమ్మమ్మ పక్షవాతంతో మంచం మీద ఉంది. ఆ రెండింటి నుంచీ తప్పించుకునే దారి నాకు సేవలో కనబడింది. సువార్త పని ఉందని సంచి సర్దుకుంటుంటే మీ అమ్మ గుమ్మంలో నిలబడి, "అన్నయ్యా, రాత్రిళ్లు అమ్మను ఒక్కదాన్నే పక్కకు తిప్పలేకపోతున్నాను" అంది. అప్పటికి తనకు 19 ఏళ్లు. "ప్రభువు పని ఆగకూడదమ్మా" అని చెప్పి వెళ్లిపోయాను. ఎంత తేలిగ్గా అనేశానో!

చాలా ఏళ్లకు మార్కు సువార్త 7వ అధ్యాయం మీద ప్రసంగం సిద్ధం చేసుకుంటూ కొర్బాను, అంటే 'దేవునికి అర్పించేసింది' అనే మాట దగ్గర ఆగిపోయాను. తల్లిదండ్రులకు అందాల్సింది దేవునికి ఇచ్చేశామని చెప్పి తప్పుకునేవాళ్లను యేసు గద్దించిన చోటు అది. అది ఆచారాలు పట్టుకు వేలాడిన ఆనాటి పరిసయ్యుల సంగతి అనుకుంటూనే అన్నేళ్లూ చదివాను. ఆ ఆదివారం వేరే వాక్యం తీసుకున్నాను, ఇది నా నోట రాలేదు.

నువ్వూ అలాగే పారిపోతున్నావని అనడం లేదు. కానీ నిజం చెప్పు, ఆఫీసులో ఎవరితోనైనా మాటలు లేవా? ఉంటే ముందు వెళ్లి మాట్లాడు. మీ నాన్న పోయాక మీ అమ్మ రాత్రిళ్లు సరిగ్గా నిద్రపోవడం లేదు, గమనించావా? నాకు ఫోన్ చేసేది కూడా పదకొండు దాటాకే. దేవుడు మొదట అక్కడికే పిలుస్తున్నాడేమో చూడు.

దయ్యాలు వదిలిపోయిన గెరాసేనువాడు ప్రభువు వెంట వస్తానని బతిమాలాడు. ఆయన మాత్రం అతణ్ణి ఇంటికి పంపాడు, నీకు జరిగింది నీవాళ్లకు చెప్పమని. మందిరంలో పెరిగిన బాలుడు సమూయేలు రాత్రివేళ దేవుని పిలుపు విన్నాక కూడా, తెల్లారి లేచి ఎప్పటిలాగే మందిరం తలుపులు తీశాడు. అపొస్తలుడైన పౌలు కొరింథులో సువార్త చెబుతూనే పొట్టకూటికి డేరాలు కుట్టాడు. జీతం తెచ్చుకుంటూ చేసే సేవను తక్కువ చేసి మాట్లాడేవాళ్ల మాట పట్టించుకోకు.

ఇన్ని చెప్పాక కూడా వెళ్లాలనే భారం నీలో అలాగే ఉంటే వెళ్లు నాన్నా, నేను ఆపను, చెయ్యి పెట్టి ప్రార్థించి పంపిస్తాను. చిన్నప్పుడు నా ఒళ్లో కూర్చుని కీర్తనల పుస్తకం తిరగేసి పట్టుకుని పాడినవాడివి, నిన్ను ఆపడం నావల్ల అవుతుందా.

ఇంకొక్క మాట. ఆ గుమ్మం సంగతి నేను మీ అమ్మతో ఇంతవరకూ ఎత్తలేదు, తనూ ఒక్కసారైనా గుర్తు చెయ్యలేదు. ఈ ఉత్తరం తనకూ చదివి వినిపించు. ఆదివారం ఆరాధన అయ్యాక నేనే వస్తాను.

మీ మామయ్య