మాస్టారిని అడగండి: రంగంలో జాగ్రఫీ చెప్పిన దొర

ప్రశ్న: మా తాతయ్య కుర్రతనంలో రంగం (అదే, బర్మాలో రంగూన్) వెళ్ళి కూలి చేసి వచ్చాడు. అదే కాలంలో డడ్లీ స్టాంప్ అనే దొర రంగూన్‌లో జాగ్రఫీ చెప్పేవాడని మా అమ్మాయి అంటోంది. ఎవరు మాస్టారూ ఆయన?
- ఒక పాఠకుడు, సోంపేట

జవాబు: మీ అమ్మాయి చెప్పింది నిజమే బాబూ. స్టాంప్ 1898లో లండన్‌లో పుట్టాడు. బర్మాకి మొదట చమురు వెతికే పని మీద వచ్చాడు. 1923లో రంగూన్ యూనివర్సిటీలో జియాలజీ, జాగ్రఫీ రెండింటికీ ప్రొఫెసరయ్యాడు. అప్పటికి పాతికేళ్ళవాడు. ఆ రోజుల్లో మన కళింగపట్నం, బారువ రేవుల్లో స్టీమరెక్కి జనం రంగం పోయేవారు. అక్కడ ఓడల్లోకి బస్తాలు మోసినవాళ్ళలో మనవాళ్ళు బోలెడుమంది. మీ తాతయ్య, ఆయన ఎదురుపడ్డారా అంటే మాత్రం, మోత కూలీకి ప్రొఫెసరుతో ఏం పని!

1926లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కి వెళ్ళిపోయాడు. ఆయన పేరు నిలబెట్టింది 1930లో మొదలెట్టిన భూవినియోగ సర్వే. బ్రిటన్‌లో ఏ నేలచెక్కలో ఏముందో చూసి మ్యాపు మీదకి ఎక్కించాలి. అంత పనికి జీతగాళ్ళని ఎక్కడ తెస్తాడు? టీచర్లని, బడిపిల్లల్ని దింపాడు. నేలమీది మైలుని ఆరంగుళాల్లో చూపే మ్యాపు పట్టుకుని పొలాలమ్మట తిరగడం, చూసింది రాసుకోవడం. అచ్చేసిన మ్యాపుల్లో అడవికి ముదురాకుపచ్చ, గడ్డినేలకి లేతాకుపచ్చ, దున్నే పొలానికి కాఫీరంగు, తోటలకి వంకాయరంగు, బంజరుకి పసుపు. రెండో ప్రపంచయుద్ధంలో తిండికి కటకట వచ్చినప్పుడు, కొత్తగా ఎక్కడ దున్నొచ్చో చూడ్డానికి ఈ మ్యాపులే అక్కరకొచ్చాయి. 1965లో సర్ బిరుదిచ్చారు. మరుసటేడే మెక్సికో నగరంలో పోయాడు.

ఈ సర్వే గురించి చదివి అప్పట్లో నాకూ ఉబలాటం పుట్టింది. ఉద్దానంలో పనిచేసేటప్పుడు ఊరి మ్యాపు జెరాక్సు తీయించి, ఎనిమిదో తరగతి పిల్లల్ని వెంటేసుకుని బయల్దేరాను. జీడితోట దగ్గరే పేచీ. "కింద అంతా ఇసకే కదా మాస్టారూ, పసుపు వేసేద్దామా?" అన్నాడొకడు. చెట్టుని చూడరా, ఇసకని కాదు అన్నాను. వంకాయరంగు పెన్సిలు ఆ ఒక్క పూటకే అరిగిపోయింది.

అసలు చిక్కు చెరువు దగ్గర వచ్చింది. మ్యాపులో గుండ్రంగా చెరువుంది. వెళ్ళి చూస్తే సగం వరి, కోతకొచ్చి ఉంది. "ఏ రంగు వెయ్యాలండీ?" అని పిల్లలు నా మొహం చూశారు. కాగితంలో ఏముందో కాదు, నేలమీద ఏముందో అదే వేయమన్నాను. కాఫీరంగు వేశారు.

మ్యాపు క్లాసుగోడకి అంటించిన నాలుగోరోజున ఊళ్ళో పెద్దమనిషొకాయన బడికొచ్చాడు. చాలాసేపు చూశాడు. "పిల్లలు బాగానే వేశారు గాని, ఎండకి వెలిసిపోద్ది, తీసి దాచండి మాస్టారూ" అన్నాడు. టెన్షన్‌తో ఆ సాయంత్రమే తీసేశాను, దాచడం వరకు ఆయన మాటే విన్నాను.

ఇప్పటికీ నా ట్రంకుపెట్టెలో ఉంది. మీ అమ్మాయి ఈ వైపొస్తే చూపిస్తాను.