ఇరవైల్లో ఊళ్లు తిరుగుతూ సీజన్ పనులు చేస్తే మనమేంటో తెలుస్తుందా?

తెలుస్తుంది. తిరుగుడు కంటే పనే ఎక్కువ నేర్పుతుందని నా నమ్మకం. మన చిత్తూరు వైపే మొదలుపెట్టొచ్చు. జూన్, జూలైల్లో తోతాపురి మామిడికాయ దిగుతుంది. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరతాయి, మండీల్లో కాయలు ఏరడానికి, లోడింగుకి మనుషులు కావాలి. తొడిమ దగ్గర కారే సొన తగిలితే చర్మం కాలినట్టు మచ్చ పడుతుంది, అందుకే పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. ఎండలో సాయంత్రం దాకా నిలబడితే మన ఓపికెంతో, ఎవరి మాట ఎంతవరకు పడగలమో బయటపడుతుంది. కూలి రోజుకా, టన్నుకా అని ముందే అడగండి. సెప్టెంబరు, అక్టోబరుల్లో బ్రహ్మోత్సవాల రద్దీకి తిరుపతి హోటళ్లలో అడిగి చూడొచ్చు. శ్రీవారి సేవ కూడా మంచిదే, కాకపోతే అది స్వచ్ఛందం, జీతం ఉండదు. రెండు నెలల ఖర్చు చేతిలో ఉంచుకుని, ఇంట్లో చెప్పే బయల్దేరండి.