అరీతా బలం అరుపులో లేదు

ప్రశ్న: కాలేజీ డేకి ఎనిమిది మందిమి అమెరికన్ గాయని అరీతా ఫ్రాంక్లిన్ ‘రెస్పెక్ట్’ పాడుతున్నాం. కరోకే ట్రాక్ పెట్టి రికార్డులో ఉన్నట్టే పాడబోతే అరుపులా వస్తోంది. రెండుసార్లకే గొంతు బొంగురుపోతోంది. లోపం ఎక్కడ?
– ఒక విద్యార్థిని, సికింద్రాబాద్

జవాబు: 1965లో గాయకుడు ఓటిస్ రెడింగ్ రాసి పాడినప్పుడు అది ఇంటికొచ్చిన మగవాడు మర్యాద అడిగే పాట. 1967 ఫిబ్రవరి 14న న్యూయార్క్‌లో అరీతా దాన్ని ఆడమనిషి నోట పెట్టింది. ‘ఆర్-ఈ-ఎస్-పీ-ఈ-సీ-టీ’ అని అక్షరాలు విడగొట్టడం ఓటిస్ పాటలో లేదు. అక్క అర్మా, చెల్లి కెరొలిన్ వెనక నుంచి అందుకునే మాటలూ లేవు. బుర్రకథలో కథకుడు ఆగితే వంతలు అందుకుంటారు చూడండి, అచ్చం అదే పని. తండ్రి పాస్టరుగా ఉన్న డెట్రాయిట్ చర్చిలో చిన్నప్పుడే ఆమెకు అబ్బిన పద్ధతి అది.

ఎనిమిది మందీ మొదటి నుంచి చివరిదాకా కలిసి పాడితే అరుపే మిగులుతుంది. ఒకరు పాడండి, ముగ్గురు అందుకోండి, మిగతావాళ్లు చప్పట్లు కొట్టండి. నాలుగు దెబ్బల లెక్కలో చప్పట్లు 2, 4 దెబ్బల మీద, అంటే డ్రమ్స్‌లో చురుగ్గా మోగే స్నేర్ డ్రమ్ పడే చోట పడాలి. భజన అలవాటుకు చెయ్యి 1 మీదికే పోతుంది. అలా పోయిందా, పాటలో ఊపు చచ్చిపోతుంది.

రికార్డు శ్రుతి మీకు నప్పాలని లేదు. కీబోర్డులో శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్‌ను మైనస్ 2 (రెండు మెట్లు కిందికి) పెట్టి మొదలెట్టండి. పైస్థాయి మాట హాయిగా అందేదాకా ఒక్కో మెట్టు దింపండి. మెడ నరాలు తేలుతుంటే ఊపిరి చాలక గొంతును బిగిస్తున్నారని అర్థం. అక్కడితో ఆపేయండి. బొంగురు రెండు వారాలు దాటినా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకోవాలి.

కరోకే ట్రాక్ మాత్రం మానేయండి. 1960లో కొలంబియా రికార్డు కంపెనీలో చేరిన అరీతాకు అక్కడ ఎక్కువగా తీగవాద్యాల హంగులే దొరికాయి. అట్లాంటిక్ కంపెనీకి మారాక, 1967 జనవరిలో అలబామాలోని మజిల్ షోల్స్‌లో నిర్మాత జెర్రీ వెక్స్‌లర్ ఆమెను పియానో ముందు కూర్చోబెట్టాడు. తన వేళ్లే తాళం నడిపితే ఎక్కడ ఆగాలో, ఎక్కడ లాగాలో గొంతుకే తెలుస్తుంది. మీలో కీబోర్డు వచ్చినవాళ్లే ముందు పాడితే మంచిది.

ప్రశ్న: ఆమె పాటల్లో మొదట ఏది వినాలి?
– ఒక పాఠకుడు, మెహదీపట్నం

జవాబు: ‘అమేజింగ్ గ్రేస్’ అనే భక్తి పాటల ఆల్బమ్. 1972 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లోని ఒక చర్చిలో, రెండు రాత్రులు జనం మధ్యే రికార్డు చేశారు. పేరు పాట దాదాపు 11 నిమిషాలు. ఒక్కో మాట మీద ఆమె వేసే సంగతులు హెడ్‌ఫోన్స్‌లో వినండి. దాన్ని సినిమాగా కూడా తీశారు గానీ, బొమ్మనూ శబ్దాన్నీ జతపరచడానికి షాటు మొదట్లో కొట్టే క్లాప్‌బోర్డు కొట్టకపోవడంతో బొమ్మకూ శబ్దానికీ పొంతన కుదర్లేదు. ఆ చిత్రం 2018 నవంబరులో బయటికొచ్చింది. ఆమె అదే ఏడాది ఆగస్టు 16నే కన్నుమూసింది.