కథల పోటీకి మన కడప మాటలోనే రాయొచ్చా?

పుస్తక ప్రదర్శనలో పెట్టే కథల పోటీకి మొదటిసారి రాస్తున్నానన్నారు, 1500 పదాల్లోపు ఉండాలన్నారు. మన యాసలో రాస్తే న్యాయనిర్ణేతలు పక్కన పెడతారేమోనని మీ భయం. నేను ఇట్లాంటి పోటీలకు రెండుసార్లు కథ పంపించినా, ఒకసారి తొలి వడపోతకు కూర్చుని చదివినా. ఆ అనుభవంతో చెబుతున్నా: రాయండి, ధైర్యంగా రాయండి.

నా మొదటి కథ నిండా బాంబులు, సుమోలు, కక్షలు. సీమ కథంటే అదే అనుకున్నా. కమలాపురం పక్క పల్లెలో పెరిగిన నేను వాటిల్లో ఒక్కటి కూడా కళ్ళారా చూడలేదు. ఆ కథ తిరిగొచ్చింది, న్యాయమే.

రెండోసారి మా అమ్మ గురించి రాసినా. విత్తనం శెనక్కాయలు చేత్తోనే ఒలవాల, మిషన్లో వేస్తే గింజ పగిలి మొలక దెబ్బతింటుంది. అందుకని ఆడోళ్ళు రైతు ఇంటి వసారాలో కూర్చుని ఒలిచేవాళ్ళు, గింజలు కొలిచి కూలి ఇచ్చేవాళ్ళు. అమ్మ బొటనవేలి గోరు కింద ఎప్పుడూ పగులే. ఒకరోజు ఆమె పక్కన కూర్చుని రెండు గుప్పిళ్ళు తినేసినా. కొలత తక్కువొచ్చింది, రైతు అందరి ముందర అమ్మను ఒక మాట అన్నాడు. నేను నోరు తెరవలేదు. కథంతా ఇంతే.

మొదట దాన్ని పేపరు భాషలో రాసినా. "నువ్వేమైనా గింజలు తిన్నావా?" అని అమ్మ అడిగినట్టు రాసుకుని చదివితే అది మా అమ్మ కాదు, వేరెవరో. "గింజలు నువ్వేమన్నా తింటివా మే?" అని మార్చినాక నాకే ఏడుపొచ్చింది. కథకుడి మాట మామూలు వాడుక భాషలో ఉంచి, మనుషులు మాట్లాడేచోట మాత్రం యాస పెట్టినా. మీరు కథంతా యాసలోనే రాసినా తప్పులేదు, అయితే అది చివరిదాకా నిలబడాల. మధ్యలో పుస్తక భాషలోకి జారితే చదివేవాళ్ళకు వెంటనే తెలుస్తుంది. మనం "శెనక్కాయలు" అనేదాన్నే అనంతపురం వైపు "బుడ్డలు" అంటారు, కాబట్టి మీ ఊరి మాట ఏదో అదే వాడండి. తెలియనివాళ్ళకు సందర్భం చెబుతుంది, కింద అర్థాలు ఇయ్యాల్సిన పని లేదు.

మన జిల్లా కేతు విశ్వనాథరెడ్డి గారికి 1996లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది కథలకే. వీలుంటే ఎర్రముక్కపల్లెలో, బ్రౌన్ దొర ఉండిన చోట కట్టిన సి.పి. బ్రౌన్ గ్రంథాలయానికి ఒక పూట పోండి. అంత దూరం రాలేకపోతే శ్రీకాకుళం కథానిలయం వాళ్ళ వెబ్‌సైట్‌లో పాత కథలు వేలల్లో ఉన్నాయి. పోటీకి ముందు మన సీమ కథలు పదైనా చదవండి.

వడపోతలో నాకొచ్చిన కట్టలో నలభై దాకా కథలు. చాలా వాటిల్లో తెల్లవారడం, కోడి కూయడం, కాఫీ తాగడం అయ్యేటప్పటికే రెండు పేజీలు. 1500 పదాల్లో అంత చోటు యాడుంది? కరువు మీద రాసినవి ఎక్కువే, కానీ వార్తలో చదివిన కరువే తప్ప ఇంట్లో బిందె ఖాళీగా ఉన్న కరువు రెండు మూడింట్లోనే కనబడింది. ఆ రెండు మూడూ నాకు ఇప్పటికీ గుర్తే.

ఇంకొక ముఖ్యమైన సంగతి. డీటీపీ సెంటర్లో టైపు చేయిస్తే యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటర్లో తెరిచినా తెలుగు అక్షరాలు సరిగ్గా కనబడేట్టు, కావాలని ముందే చెప్పండి. "అను" అనే పాతరకం తెలుగు ఫాంటులో చేసిన ఫైలు, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే అక్షరాలన్నీ గజిబిజి. అట్లా చదవలేకపోయిన కథలు మా కట్టలోనే రెండున్నాయి, ఎంత బాధేసిందో. కథ పేజీల మీద పేరు రాయొద్దంటే అస్సలు రాయొద్దు. సొంత కథే, అనువాదం కాదు, ఎక్కడా అచ్చు కాలేదు అనే హామీ పత్రం వేరే కాగితం మీద సంతకంతో పెట్టండి.

నా రెండో కథకు బహుమతి రాలేదు, సాధారణ ప్రచురణకు తీసుకున్నారు. సంకలనం వచ్చినాక అమ్మకు చదివి వినిపించినా. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆ పొద్దే నాకు తెలుసులే మే" అనింది.