సందేహాలు – సమాధానాలు: కార్డు రాష్ట్రానిది, వీసా కేంద్రానిది

ప్రశ్న: మేము పెన్సిల్వేనియాలో, ఫిలడెల్ఫియాకు దగ్గరలో ఉంటున్నాము. మా అత్తగారికి 68 ఏళ్లు, గ్రీన్ కార్డు మీద మాతోనే ఉంటారు. ఆమెకు క్యాన్సర్‌కు కీమోథెరపీ జరుగుతోంది. ఏం తిన్నా కడుపులో నిలవడం లేదు, అరికాళ్లు మంటలు, రాత్రుళ్లు నిద్ర లేదు. మెడికల్ మారిజువానా (వైద్యానికి వాడే గంజాయి) కార్డు తీసుకుంటే ఉపశమనం ఉంటుందని తెలిసినవారు చెప్పారు. దానికి ఎలా దరఖాస్తు చేయాలి? నేను హెచ్‌-1బి వీసా మీద ఉన్నాను, మావారికి అమెరికా పౌరసత్వం ఉంది. ఆవిడ బయటికి వెళ్లలేరు కాబట్టి మందు తేవలసింది నేనే. వచ్చే ఏడాది ఆమె పౌరసత్వానికి దరఖాస్తు చేయాలని, ఈలోపు సంక్రాంతికి ఒకసారి కాకినాడ వెళ్లి రావాలని అనుకుంటున్నాము. ఈ కార్డు వల్ల ఇబ్బంది వస్తుందా?
— ఒక సోదరి, చెస్టర్ కౌంటీ

సమాధానం: అమ్మా, మీరు చివర అడిగినదానికి ముందు జవాబు చెబుతాను. దరఖాస్తు నింపడం అరగంట పని. దాని వెనక వచ్చే చిక్కులు మాత్రం ఏళ్ల తరబడి ఉంటాయి.

గంజాయిని వైద్యానికి వాడుకోవచ్చని 1996లో మొదట కాలిఫోర్నియా, ఆ తరువాత ఒక్కొక్కటిగా మిగతా రాష్ట్రాలు చట్టాలు చేసుకున్నాయి. పెన్సిల్వేనియా చట్టం 2016 ఏప్రిల్‌లో వచ్చింది. ఇవన్నీ రాష్ట్ర చట్టాలు. కేంద్రం మాత్రం 1970 నాటి నియంత్రిత పదార్థాల చట్టంలో గంజాయిని అన్నిటికన్నా కఠినమైన మొదటి షెడ్యూల్లో పెట్టింది. 2024 మేలో దాన్ని మూడో షెడ్యూల్‌కు దించాలన్న ప్రతిపాదన వచ్చింది కదా అని కొందరు పాఠకులు రాస్తున్నారు. మూడో షెడ్యూల్లో ఉన్నదీ నియంత్రిత పదార్థమే, వలస చట్టం చూసేదీ ఆ మాటనే. కార్డు ఇచ్చేది రాష్ట్ర ఆరోగ్య శాఖ. వీసా, గ్రీన్ కార్డు, పౌరసత్వం చూసేది కేంద్రం. మీ అత్తగారి చేతిలోని కార్డు రాష్ట్ర పోలీసుల ముందు పనికి వస్తుంది కానీ, విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ అధికారి ముందు పనికి రాదు సరికదా, ఆయన అడగబోయే ప్రశ్నకు అదే సాక్ష్యమవుతుంది.

నేర నిరూపణ జరిగితేనే ప్రమాదమని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. నియంత్రిత పదార్థాల చట్టాన్ని ఉల్లంఘించే పని చేశానని విదేశీయుడు స్వయంగా ఒప్పుకున్నా, కేసు, కోర్టు ఏవీ లేకుండానే దేశంలోకి రానివ్వకపోవడానికి వలస చట్టంలో వీలుంది. గ్రీన్ కార్డు ఉన్నవారు విదేశం వెళ్లి తిరిగి వస్తున్నప్పుడు కూడా ఈ చిక్కు ఎదురుకావచ్చు కాబట్టి సంక్రాంతి ప్రయాణం గురించి మీరు అడగడం మంచిదయింది. ఇక పౌరసత్వం విషయానికి వస్తే, రాష్ట్రం అనుమతించినా సరే, గంజాయి వాడకం ‘సత్ప్రవర్తన’ నిబంధనకు అడ్డు కాగలదని 2019 ఏప్రిల్‌లో పౌరసత్వ, వలస సేవల శాఖ లిఖితపూర్వకంగానే చెప్పింది. 30 గ్రాములకు మించకుండా సొంతానికి ఒకే ఒక్కసారి ఉంచుకున్నవారికి చట్టంలో కాస్త మినహాయింపు ఉన్నా, రోజూ నాలుక కింద చుక్కలు వేసుకునే మనిషికి ఆ ‘ఒకే ఒక్కసారి’ ఎలా వర్తిస్తుంది? కార్డు తీసుకుని, పౌరసత్వం ఫారంలో ఆ సంగతి దాచిపెట్టమని ఎవరైనా సలహా ఇస్తే ఆ మాట వినవద్దు. ప్రమాణం చేసి ఇచ్చే పత్రంలో అబద్ధం రాయడం గంజాయికన్నా పెద్ద నేరం.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టినది మీ అత్తగారి సంగతి కాదు, మీ సంగతి. రోగి తరఫున డిస్పెన్సరీకి, అంటే లైసెన్సుతో గంజాయి మందు అమ్మే దుకాణానికి, వెళ్లి మందు తెచ్చే వ్యక్తిని ఇక్కడ కేర్‌గివర్‌గా నమోదు చేస్తారు. రోగి సొంతానికి వాడుకుంటారు, కేర్‌గివర్ మరొకరికి అందజేస్తారు. కేంద్ర చట్టం దృష్టిలో అందజేయడం వాడకం కంటే బరువైన ఆరోపణ, పైన చెప్పిన 30 గ్రాముల మినహాయింపు దానికి లేదు. హెచ్‌-1బి మీద ఉన్న మీరు ఆ పని పెట్టుకోవద్దు. కేర్‌గివర్ కావలసి వస్తే పౌరుడైన మీ వారే కావాలి. వేలిముద్రలు ఇచ్చి, నేరచరిత్ర తనిఖీ చేయించుకుని, ఆయన పేరనే కార్డు తెచ్చుకోవాలి. ఆయనకు తీరిక లేని రోజున కూడా ఆ సీసా మీ హ్యాండ్‌బ్యాగులోకి రాకూడదు.

కార్డు ఊసెత్తే ముందు చేయవలసిన పని ఒకటుంది. గంజాయిలోని టీహెచ్‌సీ అనే పదార్థాన్నే ప్రయోగశాలలో తయారుచేసి, డ్రోనాబినాల్ పేరుతో గుళికలుగా అమ్ముతారు. మామూలు మందులకు లొంగని కీమో వాంతులకు వాడేందుకు 1985లోనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దానికి అనుమతి ఇచ్చింది. క్యాన్సర్ డాక్టరు చీటీ రాస్తే వీధి చివరి మందుల షాపులోనే కొనుక్కోవచ్చు. కార్డు అక్కర్లేదు, రాష్ట్రం రిజిస్ట్రీలో (రోగుల జాబితాలో) నమోదు అక్కర్లేదు, డాక్టరు చీటీ మీద తీసుకున్నది కాబట్టి కేంద్ర చట్టంతో పేచీ లేదు. అందరికీ ఒకేలా పనిచేస్తుందని నేను చెప్పను, అరికాళ్ల మంటలకు వేరే మందులు కావాలి. అయినా గ్రీన్ కార్డు మీద ఉన్న మనిషి ముందు తట్టవలసిన తలుపు ఇదే.

ఇవన్నీ విన్న తరువాత కూడా, ప్రాణం కంటే పౌరసత్వం ఎక్కువా అని మీరు అనుకుంటే, ఆ నిర్ణయాన్ని తప్పు పట్టే హక్కు నాకు లేదు. అప్పుడు చేయవలసినది ఇది. రాష్ట్ర ఆరోగ్య శాఖ రిజిస్ట్రీలో ఆమె పేరు నమోదు చేయాలి. పౌరసత్వం ఉందా అని అక్కడ అడగరు, రాష్ట్రంలో నివాసం ఉందా అని చూస్తారు. అందుకు పెన్సిల్వేనియా డ్రైవింగ్ లైసెన్సు గానీ గుర్తింపు కార్డు గానీ ఉండాలి. పేరూ చిరునామా ఆ కార్డులో ఉన్నట్టే అక్షరం పొల్లు పోకుండా రాయాలి. మన వాళ్లు తట్టుకుని పడేది ఇక్కడే. పాస్‌పోర్టులో ఇంటిపేరు విడమరిచి ఉంటుంది, లైసెన్సులో పొడి అక్షరమే ఉంటుంది, మూడోచోట పేరు ముందూ వెనకా అయి ఉంటుంది. నాకు తెలిసిన ఒక పెద్దాయన అలవాటు కొద్దీ ఇంటిపేరు ముందు రాసి, దరఖాస్తు ఎందుకు ఆగిపోయిందో తెలియక వారాల తరబడి తిరిగారు. ఇల్లు మారినట్లయితే 15 రోజుల్లో రవాణా శాఖకు తెలపడం ఎలాగూ నియమమే, ముందు ఆ పని చూసుకోండి.

నమోదు సంఖ్య వచ్చాక, ఈ కార్యక్రమంలో పేరున్న డాక్టరు ఆమెను పరీక్షించి ధ్రువీకరణ ఇవ్వాలి. కేంద్ర చట్టం వల్ల డాక్టర్లు గంజాయికి మందుల చీటీ రాయలేరు, రోగికి ఫలానా జబ్బు ఉందని మాత్రమే ధ్రువీకరిస్తారు. మీ క్యాన్సర్ డాక్టరు పేరు ఆ జాబితాలో లేకపోవచ్చు, అలాంటప్పుడు పాత వైద్య పత్రాలు పట్టుకుని వేరొకరి దగ్గరకు వెళ్లాలి. రాష్ట్రం గుర్తించిన 20కి పైగా జబ్బుల్లో క్యాన్సర్, నరాల జబ్బు రెండూ ఉన్నాయి కాబట్టి మీ అత్తగారికి అర్హత ఉంది. ఆ తరువాత రిజిస్ట్రీలోకి తిరిగి వెళ్లి 50 డాలర్లు కడితే కార్డు పోస్టులో వస్తుంది. మెడికెయిడ్ వంటి సహాయ పథకాల్లో ఉన్నవారికి రుసుములో రాయితీ ఉంది. డాక్టరు ఫీజు వేరు, అది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. మందుకు బీమా ఇవ్వవలసిన పని లేదని చట్టమే చెబుతోంది కాబట్టి ఖర్చంతా మీ జేబులోంచే. మాత్రలు, చుక్కల మందు, పూతలు, ఆవిరిగా పీల్చేవి దొరుకుతాయి. చుట్టలా కాల్చడానికి అనుమతి లేదు. రక్తం పలచబడే మందు వార్ఫరిన్ వాడుతుంటే డాక్టరుకు తప్పక చెప్పండి. ఈ వయసులో మత్తుకు తల తిరిగి రాత్రి బాత్రూమ్ దారిలో పడితే క్యాన్సర్‌కు తోడు తుంటి ఎముక విరుగుతుంది.

కాకినాడకు మాత్రం ఒక్క చుక్క కూడా తీసుకువెళ్లకూడదు. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం దిగుమతి నేరం, అతి తక్కువ పరిమాణానికి కూడా ఏడాది దాకా జైలుశిక్ష పడవచ్చు. భంగు ఆకు ఆ చట్టంలోని గంజాయి నిర్వచనంలోకి రాదన్నది నిజమే కానీ, అమెరికా నుంచి తెచ్చిన నూనె భంగు ఆకు కాదు. విశాఖ మన్యంలో గంజాయి పట్టుబడిన వార్తలు రోజూ పేపర్లో చదివే కస్టమ్స్ అధికారికి పెన్సిల్వేనియా కార్డు చూపి వివరించే పరిస్థితి తెచ్చుకోవద్దు. ఆ నెలరోజులకూ వాంతులు తగ్గించే ఒండాన్‌సెట్రాన్ వంటి మామూలు మందులతో గడిచే ఏర్పాటు డాక్టరుతో ముందే మాట్లాడుకోండి. వలస న్యాయవాదికి ఇచ్చే ఒక గంట ఫీజు కూడా కార్డుకు ముందే ఖర్చు పెట్టండి, తరువాత కాదు.

ప్రశ్న: నేను ఫార్మసిస్టును. గ్రీన్ కార్డు వచ్చి నాలుగేళ్లయింది. ఒక డిస్పెన్సరీలో ఎక్కువ జీతానికి ఉద్యోగం ఇస్తామంటున్నారు. నేను గంజాయి ముట్టను, రోగులకు సలహా చెప్పడమే పని. చేరవచ్చా?
— వరంగల్ నుంచి వచ్చిన ఒక పాఠకుడు, పిట్స్‌బర్గ్

సమాధానం: గంజాయి వనంలో తులసి మొక్కలా ఉంటాననే మీ ధీమా అర్థమైంది. మనుషులు ఆ మాట మెచ్చుకుంటారు, వలస శాఖ మెచ్చుకోదు. 2019 నాటి ఆ మార్గదర్శకాల్లో వాడకంతో పాటు గంజాయి పరిశ్రమలో ఉద్యోగం కూడా పౌరసత్వానికి అడ్డు కావచ్చని ఉంది. లైసెన్సున్న సంస్థల్లో పనిచేసినందుకే పౌరసత్వం నిరాకరించారన్న ఫిర్యాదులు అదే ఏడాది కొలరాడోలో డెన్వర్ నగర మేయర్ దాకా వెళ్లాయి. ఆయన కేంద్ర అటార్నీ జనరల్‌కు ఉత్తరం కూడా రాశారు. మీకు అర్హత రావడానికి ఇంకా ఏడాదే ఉంది. పౌరసత్వ ప్రమాణం చేసే దాకా ఇప్పుడున్న మందుల షాపులోనే ఉండండి. జీతం తేడా ఎంతైనా ఈ ఏడాదికి వదులుకోదగినదే.

ప్రశ్న: నేను అమెరికా పౌరుణ్ణి. తీవ్రమైన ఆందోళన జబ్బుకు కార్డు తీసుకుందామనుకుంటున్నాను. రోజూ 40 మైళ్లు కారు నడిపి ఆఫీసుకు వెళ్తాను. కార్డు ఉంటే పోలీసులతో ఇబ్బంది ఉండదు కదా?
— ఒక పాఠకుడు, హారిస్‌బర్గ్

సమాధానం: ఆందోళన జబ్బులను పెన్సిల్వేనియా 2019 జులైలో జాబితాలో చేర్చింది కాబట్టి అర్హతకు లోటు లేదు, వలస చిక్కూ మీకు లేదు. మీ చిక్కు స్టీరింగ్ దగ్గరే. ఈ రాష్ట్రంలో రక్తంలో గంజాయి అవశేషం కనిపిస్తే చాలు, బండి సరిగ్గానే నడిపినా అది నేరమే, కార్డు చూపినా రక్షణ లేదు. ఆ అవశేషం మత్తు దిగిన తరువాత కూడా రోజుల తరబడి రక్తంలో ఉండగలదు. శుక్రవారం రాత్రి వేసుకున్నది సోమవారం ఉదయం మీ మెడకు చుట్టుకోవచ్చు. రోజూ 40 మైళ్లు నడిపే మనిషికి నేనైతే ముందు కౌన్సెలింగు, మామూలు మందులు ప్రయత్నించమంటాను. కార్డు ఉన్నందుకే ఉద్యోగంలోంచి తీయకూడదని రాష్ట్ర చట్టంలో ఉంది. కేంద్ర నిబంధనల కింద లారీలు, బస్సులు నడిపేవారికి అది వర్తించదు.

ప్రశ్న: తెనాలి నుంచి మా నాన్నగారు విజిటర్ వీసా మీద ఆరు నెలలకు వస్తున్నారు. పార్కిన్‌సన్ జబ్బు ఉంది. ఆయనకు కార్డు ఇప్పించవచ్చా?

సమాధానం: జబ్బు జాబితాలో ఉన్నా, ఆయన ఈ రాష్ట్ర నివాసి కారు కాబట్టి వీలుపడదు. పైగా మళ్లీ వీసాకు దరఖాస్తు చేసేటప్పుడు నియంత్రిత పదార్థాల చట్టాన్ని ఎప్పుడైనా ఉల్లంఘించారా అని ఆ ఫారంలోనే అడుగుతారు. ఆయన ఇప్పుడు వాడుతున్న మందులను, కంపెనీ అట్టలు తీయకుండా, ఇంగ్లీషులో రాయించిన డాక్టరు చీటీతో పాటు చేతి సామానులో పెట్టుకుని రమ్మనండి.