స్టేబుల్ రిలీజ్‌లో పాత ఓపెన్‌ఎస్ఎస్ఎల్: మార్చాలా, వదిలేయాలా?

సెక్యూరిటీ స్కానర్ మీ సర్వర్‌లో ఓపెన్‌ఎస్ఎస్ఎల్ (నెట్‌వర్క్ కనెక్షన్లను ఎన్‌క్రిప్ట్ చేసే లైబ్రరీ) పాతదంటోంది, కొత్తది సోర్స్ నుంచి కంపైల్ చేసి పెట్టేయనా అని అడిగారు. తొందరపడకండి.

చాలా స్కానర్లు వెర్షన్ నంబరు చూసి ఆగిపోతాయి. డెబియన్, రెడ్‌హ్యాట్ లాంటి లినక్స్ డిస్ట్రోల వాళ్లు మాత్రం స్టేబుల్ రిలీజ్‌లో (ఏళ్ల తరబడి పెద్ద మార్పులు లేకుండా నడిపేది) అసలు వెర్షన్ అలాగే ఉంచి, ప్యాచ్‌ని పాత కోడ్‌కి బ్యాక్‌పోర్ట్ చేస్తారు, అంటే కొత్త వెర్షన్‌లోని రిపేరును పాతదానికి అతికిస్తారు. స్కానర్ చూపించిన సీవీఈ నంబరు (ఒక్కో సెక్యూరిటీ బగ్‌కి ఇచ్చే గుర్తింపు నంబరు) ప్యాకేజీ ఛేంజ్‌లాగ్‌లో ఉందేమో వెతకండి. లేకపోయినా కంగారు వద్దు, డిస్ట్రో సెక్యూరిటీ ట్రాకర్ చూడండి. ఆ బగ్ మీ పాత వెర్షన్‌లో అసలు పుట్టి ఉండకపోవచ్చు. 2014లో ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే పెద్ద బగ్ బయటపడినప్పుడు 1.0.1 వాడేవాళ్లకే టెన్షన్, 0.9.8 మీద ఉన్నవాళ్లకు ఏమీ కాలేదు.

అలాగని స్టేబుల్‌లో లైబ్రరీలు ఎప్పటికీ మార్చరని కాదు. ఉబుంటు 18.04 వచ్చింది ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 1.1.0తో. దానికి అప్‌స్ట్రీమ్ సపోర్ట్ (ఓపెన్‌ఎస్ఎస్ఎల్ ప్రాజెక్ట్ వాళ్లిచ్చేది) 2019 సెప్టెంబర్‌తో ఆగిపోయేది, 18.04ని మాత్రం ఉబుంటు వాళ్లు 2023 దాకా మోయాల్సి ఉండేది. అన్నేళ్లు ప్యాచ్‌లన్నీ సొంతంగా రాసుకునే బదులు, 2019లో రిలీజ్ మధ్యలోనే 1.1.1కి వెళ్లారు. నా దృష్టిలో సరైన నిర్ణయమే.

ఆ అప్‌డేట్ తర్వాత మా దగ్గర ఒక పాత సర్వీస్ ఉన్నట్టుండి హ్యాంగ్ అవ్వడం మొదలుపెట్టింది. సోనేమ్ (ప్రోగ్రామ్‌లు లైబ్రరీని వెతికే పేరు) అదే, లింకింగ్ ఎర్రర్ లేదు, క్రాష్ లేదు. చివరికి తేలిందేంటంటే, 1.1.1తో వచ్చిన టీఎల్ఎస్ 1.3 (ఎన్‌క్రిప్షన్ ప్రోటోకాల్)లో హ్యాండ్‌షేక్ అయ్యాక సర్వర్ సెషన్ టికెట్లు (మళ్లీ త్వరగా కనెక్ట్ అవ్వడానికి) పంపుతుంది. సాకెట్‌లో ఏదో వచ్చిందని సెలెక్ట్ (సాకెట్లను గమనించే సిస్టమ్ కాల్) చెబుతుంది, ప్రోగ్రామ్ రీడ్‌కి వెళ్తుంది, కానీ వచ్చింది టికెట్టే, డేటా కాదు. 1.1.1లో ఆటో రీట్రై అనే మోడ్ డిఫాల్ట్‌గా ఆన్ కాబట్టి రీడ్ వెనక్కి రాకుండా అసలు డేటా కోసం అక్కడే కూర్చుంటుంది. బ్లాకింగ్ సాకెట్‌తో (డేటా వచ్చేదాకా రీడ్‌ని ఆపేసేది) సెలెక్ట్ కలిపి వాడే కోడ్‌కి ఇది నేరుగా తగులుతుంది. ఆ మోడ్ ఆఫ్ చేశాం, తర్వాత నాన్‌బ్లాకింగ్‌కి మార్చాం. ఏబీఐ (లైబ్రరీకీ ప్రోగ్రామ్‌కీ మధ్య బైనరీ స్థాయి పొత్తు) చెక్ చేసే టూల్ ఏదీ దీన్ని పట్టుకోలేదు, ఎందుకంటే ఫంక్షన్లు మారలేదు, వాటి నడవడిక మారింది.

అందుకే లైబ్రరీ మార్చాలా వద్దా అన్నదానికి నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే: రేపు ఇందులో బగ్ బయటపడితే ప్యాచ్ ఎవరిస్తారు? డిస్ట్రో ఇస్తుంటే కదిలించను. మీరు కంపైల్ చేసి యూజర్ లోకల్‌లో (/usr/local) పెట్టిన రోజు నుంచి ఆ పని మీదే, ప్యాకేజీలను అప్‌డేట్ చేసే ఆప్ట్‌కి దాని ఉనికే తెలియదు. పైగా ఒకే ప్రాసెస్‌లోకి రెండు ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లు లోడైతే వచ్చే క్రాష్‌లు డీబగ్ చేయడం నరకం.

కొత్త ఫీచర్ నిజంగా కావాలంటే ఆ ఒక్క అప్లికేషన్‌ని కొత్త బేస్ ఉన్న కంటైనర్‌లో పెట్టండి, హోస్ట్‌ని ముట్టుకోకండి. మీ రిలీజ్‌కే సపోర్ట్ అయిపోయి ఉంటే మాత్రం లైబ్రరీ గొడవ పక్కన పెట్టి, ఓఎస్ అప్‌గ్రేడ్‌కి తేదీ పెట్టుకోండి.