వర్జీనియా పదో నియోజకవర్గం గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ ముసాయిదా చదివాను. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో పదో కాంగ్రెస్ (ప్రతినిధుల సభ) నియోజకవర్గాన్ని ఎంచుకోవడం నాకు నచ్చింది. ఆష్‌బర్న్, బ్రాంబుల్టన్ వైపు మనవాళ్లు బాగానే స్థిరపడ్డారు కాబట్టి చదివేవాళ్లుంటారు. కానీ మొదటి పేరా తిరగరాయాలి.

అక్కడ గెలిచిన డెమొక్రాట్లలో జెన్నిఫర్ వెక్స్‌టన్‌కు 2018లో 56 శాతం, 2022లో 53, సుహాస్ సుబ్రమణ్యంకు 2024లో 52 వచ్చాయని చెప్పి, డెమొక్రాట్ల పట్టు వరసగా సడలుతోందని తేల్చేశావు. అంకెలు సరైనవే, వాటిని పక్కపక్కన పెట్టడమే తప్పు. 2018 నాటి పదో నియోజకవర్గంలో క్లార్క్, ఫ్రెడరిక్ కౌంటీలు (మన జిల్లాల్లాంటివి), వించెస్టర్ నగరం ఉండేవి. 2021 డిసెంబరులో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆమోదించిన హద్దులతో అవి బయటికి పోయి, ఫాకీర్, రప్పహానాక్ కౌంటీలు వచ్చి చేరాయి. ఓటర్లే మారిపోయాక ధోరణి ఎక్కడిది?

దీనికి రెండు దారులున్నాయి. సులువైనది, హద్దులు మారని కౌంటీని పట్టుకోవడం. ఈ నియోజకవర్గంలోనే ఉన్న లౌడన్ కౌంటీలో అధ్యక్ష ఎన్నికలు చూడు: 2004లో రిపబ్లికన్ బుష్‌కు దాదాపు 56 శాతం. ఆ తర్వాత డెమొక్రాట్లలో 2016లో క్లింటన్‌కు దాదాపు 55, 2020లో బైడెన్‌కు 61 పైన, 2024లో హారిస్‌కు మళ్లీ 56 దరిదాపులు. రెండోది, పాత ఎన్నికల పోలింగ్ కేంద్రాల లెక్కలను కొత్త హద్దుల్లో కూడటం. అలా కూడితే 2020లో బైడెన్ ఆధిక్యం సుమారు 18 శాతం పాయింట్లు, 2024లో హారిస్‌ది దాదాపు అందులో సగం. తగ్గుదల నిజంగానే ఉంది, అయితే నువ్వు చూపించిన చోట కాదు.

రెండో దారిలో ఒక గుంట ఉంది. 2022 సాధారణ ఎన్నికలకు ముందు వర్జీనియాలో ముందస్తు, పోస్టల్ ఓట్లను విడిగా ఒకేచోట లెక్కవేసి చూపేవారు. 2020లో అలా పడినవే సగానికి మించి ఉన్నాయి, వాటిలో డెమొక్రాట్ల పాలు ఎక్కువ. అంటే 2020 కేంద్రాల పట్టికలో కనిపించేవి పోలింగ్ రోజు ఓట్లు మాత్రమే. దాన్ని 2024 పట్టికతో పోల్చావో, ఓట్లు తగ్గిన పార్టీకే పెరిగినట్టు కనిపిస్తుంది. ఆ విడి ఓట్లను కేంద్రాలకు అంచనాగా పంచి, అది అంచనా అని రాయి. శాతం రాసిన ప్రతిచోటా ఓట్ల సంఖ్య కూడా ఇవ్వు. మనసు మార్చుకున్నవాళ్లెవరు, అసలు ఓటు వేయడానికే రానివాళ్లెవరు అన్నది శాతం ఒక్కటే చెప్పదు.

ఇక జనాభా. లౌడన్‌లో 1990లో 86 వేల మంది, 2020లో 4.2 లక్షల మంది. ఇంత పెరుగుదల చూస్తే "భారతీయ ఓటర్లు పెరిగారు" అని రాయాలనిపించడం సహజమే. కానీ మెట్లు దిగి చూడు. మొత్తం జనాభా, అందులో 18 దాటినవాళ్లు, వాళ్లలో పౌరులు, వాళ్లలో నమోదైనవాళ్లు, చివరికి ఓటేసినవాళ్లు. మన సమాజం మూడో మెట్టు దగ్గరే బాగా కుదించుకుపోతుంది. హెచ్‌-1బీ మీద ఉన్నవాళ్లకు ఓటు లేదు. గ్రీన్‌కార్డు వరుస ఏళ్లకేళ్లు సాగుతుంది. అది వచ్చాక కూడా పౌరసత్వానికి మామూలుగా ఐదేళ్లు ఆగాలి. కాబట్టి 18 దాటిన పౌరుల సంఖ్య ఇచ్చే సెన్సస్ బ్యూరో పట్టికే వాడు. రప్పహానాక్‌లో ఏడు వేల పైచిలుకు మందే ఉంటారు, 65 వేలకు తక్కువున్న చోట్లకు ఆ బ్యూరో ఒక్క ఏడాది సర్వే అంకెలు రావు, ఐదేళ్లవి కలిపి ఇచ్చేవి తీసుకోవాలి. పక్కన ఇచ్చే పొరపాటు పరిధిని వదిలేయకు.

"ఆసియన్ ఓటు" అన్న మాట తీసెయ్. 2022లో రిపబ్లికన్ అభ్యర్థి హంగ్ కావ్ వియత్నాంలో పుట్టినవాడు, 2024లో గెలిచిన సుబ్రమణ్యం భారతీయ మూలాలవాడు. ఆ ఒక్క పేరు కిందే కొరియన్లు, చైనీయులు కూడా ఉన్నారు.

వర్జీనియా ఓటరు జాబితాలో పార్టీ ఉండదు, జాతి ఉండదు. ఇంటిపేర్లను బట్టి తెలుగు ఓటర్లను లెక్కించానన్నావు. రావులు కన్నడిగుల్లోనూ, కొంకణుల్లోనూ ఉన్నారు. తెలుగు ముస్లింలు, క్రైస్తవులు ఆ జల్లెడలో జారిపోతారు. ఆ అంకె వేస్తే పద్ధతిని కూడా పక్కనే రాయి, లేదంటే అంకె తీసెయ్.

2016లో క్లింటన్ పాత హద్దుల్లో 10 పాయింట్లతో గెలిచిన రోజునే అక్కడి కాంగ్రెస్ సీటును రిపబ్లికన్ బార్బరా కామ్‌స్టాక్ సుమారు 6 పాయింట్లతో గెలిచింది. నీ ముసాయిదాలో ఆ సంగతే లేదు. రెండో పేరా దానితో మొదలుపెట్టు.